తొమ్మిదంగుళాల పసుపు

వెన్న మెత్తబడాలి, కరగకూడదు.
ఫోన్లో మా అక్క బ్యూలా మొదట చెప్పిన మాట ఇదే.
ఉత్తర డకోటాలో, జనవరిలో,
వంటనూనే గడ్డకట్టే నా వంటింట్లో
వెన్నకు మెత్తదనం ఎక్కణ్ణుంచి తేను?

అందుకే వెన్న పొట్లం బస్సెక్కింది.
డ్రైవరు సీటు ముందు, హీటరు గాలి తగిలే చోట,
కాగితం కప్పుకున్న ముసలమ్మలా
పదకొండో నంబరు రూటంతా తిరిగింది.
నలభై రెండు మైళ్ళు.
చివరి పిల్లాడు దిగేసరికి
వేలు పెడితే గుంట పడింది, వేలికి అంటలేదు.
అది చాలట.

ఆ చివరి పిల్లాడి కోసమే ఇదంతా.
పొద్దున అందరికన్నా ముందెక్కి
సాయంత్రం అందరికన్నా వెనక దిగే డారిన్.
"నా పుట్టినరోజుకి ఎప్పుడూ మంచు తుఫానే" అన్నాడోసారి,
ఫిర్యాదులా కాదు, వాతావరణ వార్త చదివినట్టు.
వాళ్ళ నాన్న రాత్రంతా చక్కెర ఫ్యాక్టరీలో ఉంటాడు.
ఇంట్లో చక్కెరకు లోటు లేదు,
ఓవెన్ వెలిగించే చెయ్యే లేదు.

"చక్కెర వేసి గిలక్కొట్టు ఆర్డిస్."
"ఎంతసేపు?"
"రంగు పాలిపోయేదాకా."
"చెయ్యి పడిపోతోందే!"
"ఇంకా పాలిపోవాలి."

గుడ్లూ చల్లగా ఉండకూడదట.
కోటు జేబుల్లో రెండేసి వేసుకుని
పార పట్టి వాకిట్లో మంచు తవ్వి వచ్చాను.
ఒక్కటీ పగల్లేదు. ఆ సంగతి ఎవరికి చెప్పుకోను?

సొనలు పడగానే గిన్నెలో రంగు తిరిగింది.
ఇరవై రెండేళ్ళుగా నాకు తెలిసిన పసుపు
మైలు దూరం నుంచి అరిచే పసుపు.
ఇది గొంతు తగ్గించి మాట్లాడేది.

కాస్త పిండి, కాసిని పాలు, మళ్ళీ పిండి.
వెనిలా సీసా అడుగంటితే
నీళ్ళు పోసి తొలిచి అవీ పోశాను.
అక్కకి చెప్పలేదు.

పుల్ల గుచ్చితే పొడిగా రావాలి.
వచ్చింది. అయినా మూడుసార్లు గుచ్చాను.
రైలు గేటు దగ్గర బస్సాపి, తలుపు తీసి,
చెవి పెట్టి విని గానీ కదలని మనిషిని.

చల్లారాకే పూత పూయమంది అక్క.
మా ఊళ్ళో చల్లార్చడం ఒక పనా!
వరండాలో పెట్టి
చేతులు కడుక్కుని వచ్చేలోపే చల్లారింది.

మిగిలిన వెన్న, పొడి చక్కెర, చెంచాడు పాలు.
పొడి ఎగిరి కనుబొమల మీద పేరుకుంది.
పూత పూసి, వెనక్కి జరిగి చూస్తే
మంచులో కూరుకుపోయిన బస్సు.
పసుపన్నది ఎక్కడా లేదు.
ఉందని నాకు తెలుసు, అంతే.

మర్నాడు బడి లేదు. ఆ మర్నాడూ లేదు.
రేడియో మూసిన బళ్ళ పేర్లు చదువుతూనే ఉంది.
బల్లకి అటు కేకు, ఇటు నేను.
అంచున ఆ ఒక్క వేలి గీత మాత్రం నాదే, ఒప్పుకుంటాను.

మూడోనాడు ఆరూ నలభైకి
చీకట్లోంచి డారిన్ ఎక్కాడు.
ముందు సీట్లో, నా మఫ్లరుతో కట్టేసి, కేకు డబ్బా.
దాని పైనే "బస్సులో ఏదీ తినరాదు" అన్న బోర్డు,
నా చేతిరాతే.

కత్తి తేవడం మరిచాను.
వాడు సంచీ అంతా వెతికి కర్ర స్కేలు తీశాడు.
పన్నెండంగుళాల స్కేలు, తొమ్మిదంగుళాల కేకు.
కొలిచి మరీ కోశాడు.
ముక్క పక్కకి ఒరిగి లోపలి పసుపు బయటపడింది.
ముక్క వంక చూశాడు,
అద్దంలోంచి మంచు కప్పిన బస్సు ముక్కు వంక చూశాడు,
ఏమీ అనలేదు.
అనడానికి నోరు ఖాళీగా లేదు.

తర్వాతి స్టాపులో ముగ్గురెక్కారు.
"ఏమిటీ వాసన?"
"హీటరు" అన్నాను.
వెనక సీట్లో డారిన్ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు,
కోటు కింద పొట్ట చదరంగా ఉంది.

ఆ రోజు లెక్కల క్లాసులో
వాడి గీతలన్నీ మూడో అంగుళం దగ్గర
కాస్త జిడ్డుగా వచ్చాయట.